చేని బాటలో అడుగులు: ఊరంతా పులి అంటోంది, చూసి చెప్పండి

చెలక_పోరడు
శనివారం, ఉదయం 8:10

నమస్తే అందరికీ. మాది పాఖాల అడవి అంచున చిన్న ఊరు. పేరు కావాలనే రాయడం లేదు, ఇప్పటికే టెన్షన్ ఎక్కువైంది. నిన్న పొద్దున మా అమ్మ, ఇంకో ఆరుగురు పత్తి ఏరడానికి పోతుంటే ఒర్రె (చిన్న వాగు) దాటే చోట బండ్ల బాటలో ఈ అడుగులు కనబడ్డాయి. అక్కడి నుంచే వెనక్కి తిరిగి వచ్చేశారు. మధ్యాహ్నానికి ఊరంతా పులి అయింది. సాయంత్రానికి రెండు పులులయ్యాయి. రాత్రికి వాట్సాప్‌లో పిల్లలతో సహా వీడియో వచ్చింది. అది ఎక్కడిదో ఎవరికీ తెలియదు.

ఫొటోలు మూడు పెట్టాను. పక్కన పది రూపాయల బిళ్ళ ఉంది చూడండి. మా తాత ఉంటే ఒక్క చూపులో చెప్పేవాడు, వయసులో ఉన్నప్పుడు వేటకు తిరిగిన మనిషి. ఆయన దగ్గర నేర్చుకునే బుద్ధి నాకు అప్పుడు లేదు. చెవులపిల్లి అడుగు, పంది అడుగు తప్ప నాకేమీ తెలియదు. పగిలిన పత్తి చేనులోనే ఉంది, కూలీలు రామంటున్నారు.

హన్మకొండ_సైకిల్
శనివారం, ఉదయం 8:32

పులే అన్నా, డౌటే లేదు. ఇంత పెద్ద అడుగు ఇంకేం వేస్తుంది? పెద్దది తల్లి, చిన్నది పిల్ల. మేం వచ్చే వారం పాఖాల చెరువుకు సైకిల్ ట్రిప్ పెట్టుకున్నాం, ఇప్పుడు క్యాన్సిల్ చేసుకోవాలేమో.

వాచర్_కాక
శనివారం, ఉదయం 9:05

తమ్మీ, ఎండ నెత్తి మీద ఉన్నప్పుడు ఫొటో తీసినట్టున్నావు. నీడ లేకపోతే అడుగు చదవరాదు. అదే అడుగును పొద్దున ఏడింటికి, లేదా సాయంత్రం ఎండ వాలినప్పుడు చూడు. అడుగును నీకూ సూర్యుడికీ మధ్యన పెట్టుకొని, వంగి, నేలకు దగ్గరగా చూడాలి. అప్పుడు అంచులు లేచి కనబడతాయి.

ఈ ఫొటో చూసి పులి అన్నవాళ్లదీ కుక్క అన్నవాళ్లదీ ఇద్దరిదీ తొందరే. నాకు కొన్ని సంగతులు కావాలి. అక్కడ నేల రేగడా, ఇసుక దుబ్బనా? వేళ్ల ముందు గోళ్లు గుచ్చుకున్నాయా? చిన్న అడుగు, పెద్ద అడుగు విడివిడిగా పోయాయా, ఒకదాని పక్కన ఒకటి జంటగా పడ్డాయా? అన్నిటికంటే ముఖ్యం, ఎటు నుంచి వచ్చి ఎటు పోయింది? ఒక్క అడుగును చూసి జంతువును చెప్పడం, ఒక్క అక్షరం చూసి ఉత్తరం చదవడం లాంటిది.

నేను తాడ్వాయి వైపు అటవీ శాఖ బేస్ క్యాంపులో చాలా ఏళ్లు వాచర్‌గా, అంటే అడవి కాపలా పని, చేశాను. ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటున్నా.

కెమెరా_ట్రాప్
శనివారం, ఉదయం 9:40

కాక అడిగినవాటికి జవాబు వచ్చేలోపు గుర్తుపట్టే మాట ఒకటి చెప్తాను. పిల్లి జాతి, అంటే పెద్దపులి, చిరుత, అడవి పిల్లి, గోళ్లు లోపలికి ముడుచుకొని నడుస్తాయి. అందుకే నాలుగు వేళ్లు, వాటి వెనక మెత్త (అరికాలి దిండు) కనబడతాయి కానీ గోళ్లు కనబడవు. బురదలో జారినప్పుడు ఒక్కోసారి గోరు బయటికి వస్తుంది, అది వేరే సంగతి. మెత్త పెద్దగా ఉండి, దాని వెనక అంచు మూడు ముక్కలుగా అలలాగా ఉంటుంది. నాలుగు వేళ్లలో ఒకటి కొంచెం ముందుకు ఉంటుంది, మన చేతి నడిమి వేలు లాగా. దాన్ని బట్టే కుడి కాలో ఎడమ కాలో చెప్పవచ్చు.

కుక్క, నక్క, తోడేలు అలా కాదు. అడుగు నిలువునా మడిస్తే రెండు సగాలు ఒకేలా వస్తాయి. వేళ్లకీ మెత్తకీ మధ్య ఉన్న ఖాళీలో పుల్లతో ఇంటూ గుర్తు గీయవచ్చు. పిల్లి అడుగులో గీస్తే మెత్త అడ్డం వస్తుంది.

చెలక_పోరడు
శనివారం, మధ్యాహ్నం 12:15

ఇప్పుడే పోయి వచ్చాను, తోడు ఇద్దరిని తీసుకొని. కాకా, నేల నల్లరేగడి. ఒర్రె తడికి మెత్తగా ఉంది. గోళ్లు ఉన్నాయి, మొద్దుగా, వేళ్లకు దగ్గరగా. పెద్ద అడుగు పొడుగు మూడు పది రూపాయల బిళ్ళలు వరసగా పెట్టినంత ఉంది. చిన్నది రెండున్నర బిళ్ళలు కూడా లేదు. రెండూ జంటగానే పడ్డాయి, పెద్దదాని పక్కన చిన్నది, మళ్ళీ పెద్దది పక్కన చిన్నది, బాట పొడుగునా అలాగే. అందుకే తల్లీపిల్లా అంటున్నారు.

అడవి వైపు నుంచి వచ్చి, ఒర్రె దాటి, ఎడమకు మళ్లింది. బాట ఒక్కచోట కూడా వదల్లేదు.

వాచర్_కాక
శనివారం, మధ్యాహ్నం 12:50

పిల్ల తల్లి పక్కన అడుగు కొలిచినట్టు నడుస్తుందా తమ్మీ? పిల్ల ముందుకు ఉరుకుతుంది, వెనక పడుతుంది, పక్కకు పోయి గడ్డి వాసన చూస్తుంది. బాట పొడుగునా లెక్క తప్పకుండా జంట పడితే అవి రెండు జంతువులు కావు, ఒకే జంతువు ముందుకాలూ వెనకకాలూ.

ముందుకాలు అంత పెద్దగా, వెనకకాలు అంత చిన్నగా, పైగా గోళ్లు. మన అడవిలో ఆ లెక్క దుమ్ములగొండిది. హైనా అంటారు కదా, అదే. దాని బరువంతా మెడ, భుజాల మీదే, వెనక భాగం దిగజారి ఉంటుంది. బొక్కలు కొరికి తినే జంతువు, దుమ్ములగొండి అనే పేరే అందుకు వచ్చింది.

ఒక్కటి చెప్పు. ఈ మధ్య మీ ఊళ్లో పశువేమైనా చచ్చిందా?

చెలక_పోరడు
శనివారం, మధ్యాహ్నం 1:02

కాకా, ఒళ్లు జలదరించింది. నాలుగు రోజుల కింద మా వాడకట్టులో ఒక బర్రె చచ్చింది. ఒర్రె దాటి ఎడమ పక్క పోరంబోకులో పడేశారు.

హన్మకొండ_సైకిల్
శనివారం, మధ్యాహ్నం 1:10

తల్లీపిల్లా అన్నది నేనే. తప్పైంది, ట్రిప్ క్యాన్సిల్ చేయడం లేదు.

టీచరమ్మ_కాగజ్‌నగర్
శనివారం, సాయంత్రం 4:20

నవ్వుకోవడానికి బాగానే ఉంది కానీ ఆ ఊరివాళ్ల భయాన్ని తీసిపారేయకండి. 2020 నవంబర్‌లో మా ఆసిఫాబాద్ జిల్లాలో పులి దాడిలో ఇద్దరు చనిపోయారు. అది కూడా పత్తి కాలమే. వంగి పత్తి ఏరుతున్న మనిషి దూరం నుంచి మనిషిలాగా కనబడదు. ఆ నెలలో మా స్కూలుకు పిల్లలు గుంపులుగా, డప్పు కొట్టుకుంటూ వచ్చేవారు. మహారాష్ట్రలోని తడోబా, తిప్పేశ్వర్ అడవుల వైపు నుంచి పులులు ప్రాణహిత, పెన్‌గంగ దాటి వస్తాయి. మా దగ్గర అడుగు కనబడితే ముందు పులి అనుకోవడమే సురక్షితం, కాదని తేలాకే ఊపిరి.

2024 ఏప్రిల్‌లో ఇంకో వింత. గడ్చిరోలి వైపు నుంచి ఏనుగు వచ్చి మా జిల్లాలో ఇద్దరు రైతులను చంపింది. ఏనుగు అడుగును జీవితంలో చూడని ఊళ్లు ఇవి. మిరప తోటలో చేట అంత గుండ్రటి గుంట చూసి అదేమిటో తెలియక నిలబడిపోయారు.

కెమెరా_ట్రాప్
శనివారం, సాయంత్రం 5:05

మేడం చెప్పిన ఏనుగు మీద చిన్న పక్కమాట. ఏనుగు ముందుకాలి అడుగు చుట్టుకొలతను రెండింతలు చేస్తే దాదాపు దాని భుజం ఎత్తు వస్తుంది. తాడు ముక్క ఒక్కటి ఉంటే చాలు.

పులి అడుగుల విషయంలో మాత్రం మనవాళ్లు ఒక పాఠం కష్టంగా నేర్చుకున్నారు. 1966లో ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌదరి అడుగులను బట్టి పులులను లెక్కపెట్టే పద్ధతి తెచ్చారు. అడుగు మీద అద్దం పెట్టి స్కెచ్‌తో గీసుకోవడం, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీయడం. 1972లో దేశమంతా లెక్కపెడితే 1,827 వచ్చాయి. కానీ ఒకే పులి అడుగు దుబ్బలో ఒకలా, రేగడిలో ఇంకోలా పడుతుంది. గీసే చేతిని బట్టి కూడా మారుతుంది. చివరికి రాజస్థాన్ సరిస్కాలో పులులు ఉన్నాయని అనుకుంటుండగానే 2005 నాటికి ఒక్కటి కూడా లేదని తేలింది. ఆ తర్వాత లెక్కకు కెమెరాలు వచ్చాయి. అడుగు ఇప్పటికీ పనికొస్తుంది, ఏ జంతువు, ఎటు పోయింది అనేవాటికి. ఎన్ని ఉన్నాయి అనేదానికి కాదు.

వాచర్_కాక
శనివారం, రాత్రి 7:30

ఆ అద్దాలు మేం కూడా మోశాం. అద్దం పగిలితే రేంజర్ తిట్లు.

రేగడి సంగతి నిజం. తడి రేగడిలో అడుగు విచ్చుకుంటుంది, ఎండితే అంచులు పగిలి ఇంకా పెద్దగా కనబడుతుంది. ఊరకుక్క అడుగు మూడు రోజులకు చిరుత అవుతుంది. అందుకే కొలత ఎప్పుడూ అడుగు అడుగున, గట్టిగా ఒత్తుకున్న చోట తీయాలి, పైన విచ్చుకున్న అంచు దగ్గర కాదు.

ఎప్పటి అడుగో తెలుసుకోవడమే అసలు విద్య. ఏ జంతువో చిన్న పిల్లవాడికి నేర్పినా వారంలో పట్టేస్తాడు, ఏ పూట నడిచిందో చెప్పడానికి ఏళ్లు పడుతుంది. ఇది మంచు కాలం కదా, దుబ్బ మీద తెల్లవారుజామున మంచు పడి సన్నటి పొర కడుతుంది. అడుగు ఆ పొరను పగలగొట్టి పడితే మంచు తర్వాతది. అడుగు లోపల కూడా పొర ఉంటే అంతకు ముందే నడిచింది. అడుగు మీదుగా చీమల బారు పోయిందా, పురుగు గీత పడిందా, సాలెగూడు బాటకు అడ్డంగా ఉందా, ఇవన్నీ గడియారాలే. వాగు ఒడ్డున అడుగులో నీళ్లు ఇంకా బురదగా ఉంటే జంతువు నీ మాట వింటూనే ఉందన్నమాట. నీళ్లు తేరుకుంటే కొంచెం నిమ్మళం.

మా ముసలాయన ఒకరు, కోయ మనిషి, నాకు ఈ పని నేర్పినవాడు, అడుగు కనబడగానే ముందుకు పోయేవాడు కాదు. అక్కడే కూర్చునేవాడు. చుట్ట సగం కాల్చేవాడు. నాకు విసుగొచ్చేది. తర్వాత తెలిసింది, ఆ కాసేపట్లో పిట్టలు మళ్లీ మామూలు కూత మొదలుపెడతాయి. పెట్టకపోతే అది దగ్గర్లోనే ఉన్నట్టు. కొండముచ్చు చెట్టెక్కి దగ్గినట్టు అరుస్తూ ఒకే వైపు చూస్తుంటే, దుప్పి కూత వేసి కాలు నేలకు కొడుతుంటే, అడుగుతో పనిలేదు. ఇంటికి పోవాలి.

2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో గాలికి వేల చెట్లు పడిపోయినప్పుడు నేను చూడడానికి పోయాను. నాకు కళ్లు మూసుకొని తెలిసిన బాట ఒక్కటి కూడా దొరకలేదు. జంతువులకూ అంతే.

దుబ్బనేల
శనివారం, రాత్రి 9:15

అందరూ పులులూ హైనాలూ అంటున్నారు. మా బాధ అడవిపంది. రాత్రికి రాత్రి అర ఎకరం మక్క చేను దున్నేస్తుంది. పెద్దవాళ్లకు వేట తెలుసు కాబట్టి చేలు మిగిలేవి. ఇప్పుడు జాడ తెలిసినవాడు కూడా చేతులు కట్టుకొని చూడాలి. నష్టపరిహారం కోసం తిరిగితే చెప్పులు అరిగాయి తప్ప పైసా రాలేదు. పంది బాట ఎట్లా పట్టాలో, ఎక్కడ కాపు కాయాలో కాక చెప్తే మాకు పనికొస్తుంది.

నిర్వాహకుడు
శనివారం, రాత్రి 9:40

దుబ్బనేల అన్నా, నీ నష్టం అబద్ధమని ఎవరూ అనరు. కానీ వేట మెలకువలు ఇక్కడ రాయనివ్వం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, ఉచ్చు పెట్టడం, తరమడం, ఎర వేయడం కూడా వేటే. పంది విషయంలో కూడా అధికారుల అనుమతి లేకుండా ఏదీ కుదరదు. అభయారణ్యం లోపలికి అనుమతి లేకుండా పోవడమూ నేరమే, కాబట్టి ఈ చర్చ చదివి ఎవరూ జాడలు వెతుక్కుంటూ లోపలికి పోకండి.

వాచర్_కాక
శనివారం, రాత్రి 10:05

పంది అడుగు మాత్రం చెప్తాను, అది వేట కాదు కదా. రెండు గిట్టల వెనక, కొంచెం బయటికి, రెండు చుక్కలు పడతాయి. దుప్పికి అవి మెత్తటి బురదలో తప్ప పడవు, గిట్ట కూడా సన్నగా, మొన తేలి ఉంటుంది. మేక గిట్ట మొద్దుగా, మొనల దగ్గర విచ్చుకొని ఉంటుంది. ఇది తెలిస్తే పక్కింటివాళ్ల మేకలు మేసినదానికి దుప్పుల మీద కేసు పెట్టకుండా ఉంటారు. నవ్వులాట కాదు, నేను పోయి చూసిన నష్టాల్లో చాలావాటిలో మేక పెంటికలే దొరికాయి.

ఎలుగు గురించి కూడా ఒక్క మాట. వెనకకాలి అడుగు అచ్చం మనిషి అడుగు లాగా ఉంటుంది, ఎవరో చెప్పులు లేకుండా నడిచారనుకుంటారు. ముందుకాలికి వేళ్లు వరసగా, వాటికి బెత్తెడు ముందు గోళ్లు గుచ్చుకుంటాయి. ఇప్ప పువ్వు రాలే కాలంలో చీకటితో పువ్వు ఏరడానికి పోయేవాళ్లు అది చూస్తే ఆ చెట్టు వదిలేయండి. పులి మనిషిని చూస్తే తప్పుకుంటుంది, ఎలుగు ఉలిక్కిపడి మీద పడుతుంది.

చెలక తమ్మీ, ఊరివాళ్లకు నా మాట మీద, నీ మాట మీద నమ్మకం కుదరదు. రేపు సాయంత్రం ఒక పని చెయ్యి. ఒర్రె దాటే చోట బాట అడ్డంగా రెండు మూరల వెడల్పున మట్టి గుల్ల చేసి, పైన జల్లెడ పట్టిన దుబ్బ పలచగా పరిచి, రెమ్మతో నున్నగా చెయ్యి. అద్దం మీద రాసినట్టు పడుతుంది. పొద్దున ఎవరూ తొక్కక ముందే, నలుగురిని తీసుకుపో.

చెలక_పోరడు
సోమవారం, ఉదయం 7:25

కాకా చెప్పినట్టే చేశాను. మా అమ్మ పిండి జల్లెడ తీసుకుపోయినందుకు తిట్లు వేరే. ఫొటోలు పెట్టాను, ఈసారి ఏటవాలు ఎండలో.

దుమ్ములగొండి మళ్ళీ వచ్చింది. అందరం చూశాం. ముందుది పెద్దది, వెనకది చిన్నది, గోళ్లు స్పష్టంగా ఉన్నాయి. కొంచెం అవతల తెల్లగా, సున్నం ముద్దలా ఎండిన పెంట కూడా దొరికింది.

దాంతోపాటు ఇంకొన్ని పడ్డాయి. నెమలి అడుగులు, తోక ఈడ్చిన గీతలతో. ఒక మనిషి చెప్పుల అడుగులు, లోపలికి పోయినవి, మళ్ళీ బయటికి వచ్చినవి. ఎవరో రాత్రి మోటరు పెట్టడానికి పోయి ఉంటారు. చెప్పుల పక్కన సన్నటి గీత ఉంది, పాము పోయినట్టుంది.

వాచర్_కాక
సోమవారం, ఉదయం 7:41

తమ్మీ, రెండో ఫొటో మళ్ళీ చూశాను. పాము గీత వంకరలు పోతుంది, లేదా పెద్దదైతే నిండుగా, తెగకుండా పోతుంది. నీ గీత తెగుతోంది, మళ్ళీ మొదలవుతోంది, మనిషి అడుగుకు ఒకే పక్కన ఉంది. లోపలికి పోయిన చెప్పు లోతుగా దిగింది, వచ్చినది తేలికగా ఉంది. బరువు మోసుకుపోయి ఖాళీ చేతులతో వచ్చాడు. ఆ గీత తీగ చుట్టలోంచి జారిన కొసది, జంతువులకు కరెంటు పెట్టే తీగ.

ఒర్రె దాటకు. ఎవరినీ దాటనివ్వకు. దుమ్ములగొండి అడుగు చెప్పు అడుగు మీద పడిందా, కింద ఉందా?

చెలక_పోరడు
సోమవారం, ఉదయం 7:44

మీద పడింది.

వాచర్_కాక
సోమవారం, ఉదయం 7:46

అంటే ముందు మనిషి, తర్వాత జంతువు. అది అదే బాటలో పోయి బతికే ఉంటే తీగ బాట మీద లేదు, పక్కన చేను వైపు ఉంది. అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చెయ్యి, లైన్‌మన్‌కు కూడా చెయ్యి. కరెంటు ఆపేదాకా ఎవరూ కదలొద్దు. పత్తి ఏరేవాళ్లు బయలుదేరారా?

చెలక_పోరడు
సోమవారం, ఉదయం 7:47

ఊరి చివరకు వచ్చేశారు. ఆపుతున్నా.

టీచరమ్మ_కాగజ్‌నగర్
సోమవారం, ఉదయం 11:30

ఏమైంది బాబూ? పొద్దున నుంచి ఫోన్ చూస్తూనే ఉన్నాను. ఒక్క మాట రాయి.

చెలక_పోరడు
సోమవారం, మధ్యాహ్నం 2:10

అందరం క్షేమం. బీట్ ఆఫీసర్‌వాళ్లు సప్లై ఆపించాకే లోపలికి పోయారు. మా చేనుకు అవతల, మక్క చేను గట్టు వెంట మూరెడు ఎత్తు పుల్లలు పాతి, బైండింగ్ వైరు కట్టారు. పుల్లలకు సీసా మూతులు తొడిగారు, కరెంటు నేలకు దిగకుండా. అవతలి కొస 11 కేవీ లైన్‌కు కొక్కెం వేయడానికి వెదురు కర్ర సిద్ధంగా పొదలో ఉంది. రాత్రి వేసి తెల్లారి తీసేస్తున్నారట. పంది కోసమే. మా అమ్మవాళ్లు నీళ్ల కోసం ఒర్రెకు దిగేది ఆ గట్టు మీదుగానే.

చెప్పుల అడుగు ఫొటో వాళ్లు కూడా తీసుకున్నారు. ఎవరిదో తెలుసా అని అడిగారు. తెలియదన్నాను.

ఎడమ చెప్పు మడమ దగ్గర టైరు ముక్కతో అతుకు ఉంది. ఆ అతుకు నేను చాలాసార్లు చూశాను.

దుబ్బనేల
సోమవారం, మధ్యాహ్నం 2:50

నేను శనివారం రాసింది పంది గురించి, దీని గురించి కాదు. ఇది నేను కూడా ఒప్పుకోను. మా పక్క ఊళ్లో పెసర చేనుకు నీళ్లు పెట్టడానికి పోయిన మనిషి ఇట్లాంటి తీగకే పోయాడు.

టీచరమ్మ_కాగజ్‌నగర్
సోమవారం, మధ్యాహ్నం 3:15

చెలక బాబూ, మీ అమ్మతో కలిపి ఏడుగురు ఆ గట్టు మీద నడుస్తారని నువ్వే రాశావు. వాడు మళ్ళీ కట్టడని నీకు నమ్మకం ఉందా?

వాచర్_కాక
సోమవారం, సాయంత్రం 5:40

నేనేమీ అడగను తమ్మీ. ఊరు నీది, మనుషులు నీవాళ్లు. కానీ ఆ అచ్చు మీద వాన పడకముందే ఏదో ఒకటి తేల్చుకో.

చెలక_పోరడు
మంగళవారం, రాత్రి 8:20

చెప్పాను. ముందు వాళ్ల నాన్నకు, తర్వాత బీట్ ఆఫీసర్‌కు. వాళ్లింట్లో నాతో మాట్లాడడం మానేశారు.

బర్రె కళేబరం దగ్గర బొక్కలు కూడా సగమే మిగిలాయి. పత్తి రేపటి నుంచి ఏరుతున్నాం. ఒర్రె దగ్గర దుబ్బ మళ్ళీ పరిచాను. మా అమ్మ పాత జల్లెడ ఒకటి ఇచ్చి, ఇది నీదే అంది.

వాచర్_కాక
మంగళవారం, రాత్రి 8:45

పొద్దున ఏం పడిందో ఫొటో పెట్టు. బిళ్ళ పెట్టడం మర్చిపోకు.